కార్దమస్ వండిన శనగలు

వ్యాకరణ పంతులు థాలస్‌కి లోకంలో రెండు మాటలంటే హడలు. ఒకటి "మెనోఫిలస్". అది ఆ ఏడాదే ఊళ్ళోకి వచ్చింది. రెండోది "తెలీదు". దాని భయం మాత్రం చిన్నప్పటినుంచీ ఉంది.

మా ఊరి పెద్ద చౌకుకి ఓ పక్కన స్తంభాల వసారా ఉంది. దాని చివర ఒల్లియక్క వంట కొట్టు. కొట్టుని ఆనుకుని, ఏ ఓడ మీదో చిరిగి నేలకి దిగిన తెరచాప గుడ్డ ఒకటి వేలాడదీసి ఉండేది. ఆ గుడ్డ వెనకే థాలస్ బడి. తెరకి ఇవతల శనగలు ఉడికేవి, అవతల పిల్లలు ఉడికేవారు. పంతులు కావ్యంలో పాదం ఎత్తుకునేసరికి ఒల్లియక్క "వేడి వేడి శనగలోయ్!" అని ఎత్తుకునేది. పిల్లల చెవులు పంతులు దగ్గరే ఉండేవి, ముక్కులు మాత్రం తెర దాటి వెళ్ళిపోయేవి.

వ్యాకరణ పంతులు బతుకు మా దేశంలో ఎవరికీ పట్టదు. అక్షరాలు దిద్దించినవాణ్ణి తల్లులు తలుచుకుంటారు. పెద్దయ్యాక సభలో నోరు విప్పడం నేర్పినవాణ్ణి తండ్రులు నెత్తిన పెట్టుకుంటారు. మధ్యలో కొన్నేళ్ళపాటు పాత కావ్యాల్ని పాదం పాదం నమిలి, మెత్తగా చేసి పిల్లల నోట పెట్టేవాడొకడుంటాడని ఎవరికీ గుర్తుండదు. పిల్లాడు పదిమందిలో తప్పు పలికిన రోజు మాత్రం అందరికీ ఒక్కసారే గుర్తొస్తాడు.

ఇది చాలదన్నట్టు మా ఊళ్ళో ఇంకో ఆచారం ఉంది. ఎవడు పెట్టాడో గాని వాడి నోట్లో మన్ను పడ! వ్యాకరణ పంతులుకి పరీక్ష స్నానశాలలో జరుగుతుంది. మధ్యాహ్నం వేణ్ణీళ్ళ గదిలో అడుగు పెట్టాడో లేదో, చదువు ఎగ్గొట్టి నూనె వ్యాపారంలో స్థిరపడ్డ ప్రతి తండ్రికీ కావ్యాల మీద సందేహాలు పుట్టుకొస్తాయి. ఫలానా రాజు గుర్రం ఏ రంగు? ఫలానా రాణి పెళ్ళిలో పూలదండ ఎవరు కట్టారు? ఒంటికి రాసుకున్న నూనె జారేలోపల జవాబు రావాలి. రాకపోతే "ఈయనకే రానిది మావాడికేం వస్తుంది?" అనేసి, మర్నాడు పిల్లాణ్ణి మాన్పించేస్తారు. ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడి, పక్కన ఎవడో వెంట్రుకలు పీకించుకుంటూ కేకలు పెడుతుంటే, రాణిగారి పూలదండ గురించి ఆలోచించడం అంత తేలిక పనేం కాదు.

థాలస్ ఎప్పుడూ తడబడలేదు. తెలిస్తే చెప్పేవాడు. తెలియకపోయినా చెప్పేవాడు.

దానికి కారణం ఉంది. థాలస్ పుట్టు బానిస. విబీడియస్ వారింట్లో చినబాబు బడి సంచీ మొయ్యడం అతని పని. బాబు బల్ల మీద కూర్చుని అక్రోటు కాయలు విసరడం నేర్చుకున్నాడు. సంచీ పట్టుకుని గోడవార నిలబడ్డ థాలస్ కావ్యాలు నేర్చుకున్నాడు. ఆ ఇంట్లో యజమాని "బాబు ఎక్కడ్రా?" అని అడిగినప్పుడు "తెలీదండీ" అంటే కొరడా లేచేది. "సిరాబుడ్డి ఎవరు ఒలకబోశారు?" "తెలీదండీ." మళ్ళీ కొరడా. ముసలి యజమాని చనిపోతూ తన మరణశాసనంలో థాలస్‌ని విడుదల చేశాడు. థాలస్ బానిసల గదిలోంచి తన దుప్పటీ మాత్రం తెచ్చుకున్నాడు, "తెలీదు" అన్న మాటని అక్కడే వదిలేశాడు. స్వతంత్రుడంటే అన్నీ తెలిసినవాడని అతని లెక్క.

అలాంటివాణ్ణి ఒకరోజు నుమీసియస్ పట్టుకున్నాడు. నుమీసియస్‌కి నాలుగు నూనె గానుగలు, ఊరంత నోరు. ఆవిరి గదిలో అరుగు మీద బోర్లా పడుకుని, వీపు రుద్దించుకుంటూ తల పైకెత్తాడు.

"పంతులూ! ఆ యుద్ధం కావ్యం ఉంది చూడు, కోట తగలబడిపోతుందే, అందులో ఆఖరి పూట ముసలిరాజు గారికి అన్నం వండిందెవడయ్యా?"

ఆ కావ్యం థాలస్‌కి కంఠతా వచ్చు. అందులో వంటవాడు లేడు. రాజు అన్నం తిన్నట్టు కూడా లేదు, పాపం. నూనె జారిపోతోంది. చుట్టూ తడి తలలు ఇటు తిరిగాయి. థాలస్ మనసులో వెతికాడు. అప్పుడు దొరికిన పేరు ఒక్కటే. విబీడియస్ వారి కంచరగాడిద పేరు. చిన్నప్పుడు తొడ మీద కరిచింది, మచ్చ ఇప్పటికీ ఉంది.

"కార్దమస్," అన్నాడు థాలస్, నిదానంగా.

"ఏ ఊరువాడు?"

"క్రీటు ద్వీపం."

"ఏం వండాడంటావు?"

పొద్దుటినుంచీ థాలస్ కడుపులో ఏమీ పడలేదు. తెర అవతలి వాసన ఇంకా ముక్కులోనే ఉంది. "శనగలు," అన్నాడు. "ఊరేసిన చేపల రసం పోసి, జీలకర్ర చల్లి."

నుమీసియస్ పరవశించిపోయాడు. "చూశారట్రా! మన పంతులంటే పంతులే!" అన్నాడు. ఆ సాయంత్రమే వెళ్ళి ఒల్లియక్క చెవిన వేశాడు.

అక్కడినుంచి కథ థాలస్ చేతులు దాటిపోయింది. మా ఊళ్ళో రొట్టెల వాళ్ళ సంఘానికి ఓ దేవత ఉంది. చాకళ్ళ సంఘానికి ఓ వీరుడున్నాడు. వంటవాళ్ళ సంఘానికి మాత్రం ఎవరూ లేక, ఊరేగింపుల్లో ఓ ఉత్త గరిటె ఎత్తిపట్టుకుని అందరికన్నా వెనక, చిత్తుగుడ్డలు ఏరేవాళ్ళ తర్వాత నడిచేవారు. ఇప్పుడు వాళ్ళకీ ఓ మహానుభావుడు దొరికాడు! కోట తగలబడుతున్నా పొయ్యి వదలని కార్దమస్! ఒల్లియక్క కొట్టు గోడలో గూడు తవ్వించి బొమ్మ వేయించారు. ఉంగరాల జుట్టు, చేతిలో గరిటె, చారెడేసి కళ్ళు రెండు. గూటి ముందు దీపం పెట్టారు, దండలు వేశారు. కొట్లో మామూలు శనగలు మాయమై "కార్దమస్ శనగలు" వచ్చాయి. రుచి అదే. కార్దమస్ తన కలలోకి వచ్చి "ఉప్పు కాస్త తగ్గించు తల్లీ" అన్నాడని ఒల్లియక్క ఏ దేవుడి మీదైనా ప్రమాణం చేసేది.

థాలస్ భార్య ఫెలికుల కూడా విబీడియస్ వారింట్లోనే బానిసగా ఉండేది. ఆ కంచరకి గడ్డి వేసింది ఆవిడే. గూట్లో బొమ్మ చూసి ఇంటికొచ్చి, గడపలో చతికిలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఏమయ్యా, గాడిదకి దండలేయించావటగా?"

"నెమ్మదిగా మాట్లాడవే. గోడలకి చెవులుంటాయి."

"ఉంటే ఉండనీ. దానికీ ఉండేవి, జానెడేసి. నాకు తెలీదండీ అంటే ఆ పూట నీ నాలిక ఊడిపోయేదా?"

"నాలిక కాదే," అన్నాడు థాలస్. "వీపు." ఫెలికుల నవ్వు ఆపేసింది. ఆ తర్వాత ఆ విషయం చాలా ఏళ్ళు ఎత్తలేదు.

అలా పదేళ్ళు గడిచాక మెనోఫిలస్ దిగాడు. తనూ వ్యాకరణ పంతుల్నేనన్నాడు, రోము నుంచి వచ్చానన్నాడు. బొడ్డుదాకా గడ్డం, వెనక పుస్తకాల పెట్టె మోస్తూ ఇద్దరు మనుషులు. "మంచినీళ్ళు ఎక్కడ?" అని అడగాల్సి వచ్చినా "అలెగ్జాండ్రియాలో నేను చూసిన ప్రతిలో" అని మొదలుపెట్టేవాడు. అదే సమయానికి ఊరిపెద్దలు చౌకులో కొత్త హాలు కట్టించారు. రాళ్ళ గోడలు, కప్పు, బల్లలు, తలుపుకి గడియ కూడా. ఆ ఏడాది ఊరి అధికారి నుమీసియస్. హాలు ఒక్క వ్యాకరణ పంతులుకే ఇస్తామని, ఎవరికన్నది స్నానశాలలో పరీక్ష పెట్టి తేలుస్తామని, రెండోవాడు ఊళ్ళో బడి పెట్టడానికి వీల్లేదని చాటింపు వేయించాడు.

థాలస్ అరవై దాటిన మనిషి. ఇంకో ఊరు వెళ్ళి ఇంకో తెర కట్టే ఓపిక లేదు. నుమీసియస్ దారిలో కనపడి, చాలా మంచి మనసుతోనే, భుజం తట్టాడు.

"నీకేం దిగులు పంతులూ! ఒకవేళ పోయిందే అనుకో, మా మనవడికి సంచీ పట్టుకెళ్ళే మనిషి కావాలి. నీకు అలవాటున్న పనేగా!"

ఆ మాట థాలస్ గుండెల్లో ముల్లులా దిగింది. ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఫెలికుల గంజి చల్లారేదాకా చూసి, మంచం మీద కూర్చుంది.

"కావ్యాల్లో నిన్ను మించినవాడు లేడు. ఆ గడ్డంవాడికి నువ్వేం తీసిపోతావు?"

"కావ్యాల్లో తీసిపోనే. ఎవడో ఒకడు కార్దమస్ సంగతి అడుగుతాడు. ఆ గడ్డంవాడు నిజంగా చదువుకున్నవాడైతే, అలాంటివాడే లేడంటాడు. అంతే. సంచీ భుజానికెత్తుకోవడమే."

"అడక్కుండా చూసుకో మరి."

మర్నాడు పొద్దున్నే థాలస్ ఒల్లియక్క దగ్గరికి వెళ్ళాడు. మొహమాటంగా గూటివైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఒల్లియక్కా, ఈ మధ్యాహ్నం పరీక్షలో కార్దమస్ మాట ఎవరూ ఎత్తకుండా చూడాలి. నీకు దణ్ణం పెడతాను."

ఒల్లియక్క గరిటె నడుముకి ఆనించుకుంది. "ఎత్తకపోవడమేంటి పంతులూ! సంఘంలో అందరికీ రాత్రే చెప్పేశాను. అసలు ఆ ఒక్క ప్రశ్న కోసమే పొయ్యిలార్పి వస్తున్నారు. రోము నుంచి ఊడిపడ్డవాడికి మా కార్దమస్ సంగతి ఏం తెలుస్తుంది? నోరెళ్ళబెడతాడు! నువ్వు ధీమాగా ఉండు." పైగా ఓ గిన్నెడు శనగలు చేతిలో పెట్టి "తిని వెళ్ళు, బలం" అంది. శత్రువైతే కాళ్ళు పట్టుకుని బతిమాలుకోవచ్చు, మేలు చేద్దామని కంకణం కట్టుకున్నవాళ్ళని ఏం చేస్తాం?

మధ్యాహ్నానికి స్నానశాల కిటకిటలాడిపోయింది. నుమీసియస్ వేణ్ణీళ్ళ తొట్టి గట్టు మీద తువ్వాలు చుట్టుకుని అధికార పీఠంలో కూర్చున్నట్టే కూర్చున్నాడు. వెనకాల అతని బంట్రోతు, ఒంటి మీద తువ్వాలు తప్ప ఏమీ లేకపోయినా, అధికార చిహ్నమైన బెత్తాల కట్ట మాత్రం భుజాన పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. వంటవాళ్ళు ఓ మూల దండు కట్టారు. ఆడవాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు కనక ఒల్లియక్క పొగ కిటికీ బయట నిలబడి, మొహం మాత్రం లోపలికి పెట్టింది. చూడకూడనివి చూడనని కళ్ళు మూసుకుంది, చెవులు మాత్రం తెరిచే ఉంచింది.

"మౌనంగా ఉన్నవాడు ఓడిపోయినట్టు!" అని నుమీసియస్ ప్రకటించాడు. "కానీండి!"

కోటగోడ మొదట ఎక్కినవాడి డాలు మీద బొమ్మేమిటి? ఇద్దరూ చెప్పారు. రాజు చిన్నకూతురు పారిపోతుంటే ఏ కాలి చెప్పు జారింది? ఇద్దరూ చెప్పారు. ఎవడో పోకిరివాడు "ఆ చెప్పు ఎవరికి దొరికింది?" అని అరిచాడు. అదీ చెప్పారు. మెనోఫిలస్ అలెగ్జాండ్రియా ప్రతిని తలుచుకుంటూ గడ్డం నిమిరాడు. గొప్పవాడే, సందేహం లేదు. థాలస్‌కి ఒళ్ళంతా చెమటలు పట్టాయి, అయితే ఆ గదిలో అందరికీ పట్టాయి కనక ఎవరూ గమనించలేదు.

అప్పుడు వంటవాళ్ళ సంఘం పెద్ద, బొజ్జ ముందుకి తోసుకుంటూ లేచాడు. "రోము పంతులుగారూ! కాస్త మా కార్దమస్ గారి గురించి సెలవివ్వండి."

థాలస్ అయిపోయింది అనుకున్నాడు. ఆఖరిసారిగా ప్రత్యర్థి మొహంలోకి చూశాడు.

మెనోఫిలస్ చూపు పైకప్పు మీదికి పోయింది. అక్కడినుంచి గోడ మీదికి, గోడ మీదినుంచి తన కాలివేళ్ళ మీదికి దిగింది. చెయ్యి గడ్డంలోకి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున్నే తెర వెనక థాలస్ ఆ చూపు చూస్తూనే ఉన్నాడు. పాఠం చదవకుండా వచ్చిన పిల్లాడి చూపది.

"కార్దమసా!" అన్నాడు మెనోఫిలస్, గొంతు పెంచి. "ఆయన్ని ఎరగనివాడెవడు? అయితే మీ ఊళ్ళో క్రీటువాడని చెప్పుకుంటున్నట్టున్నారు. తప్పు. ఆయనది రోడ్సు. ఎడమ కన్ను లేదు, ముట్టడిలో పోయింది. వండింది శనగలు కాదు, పంది తొడ. అలెగ్జాండ్రియాలో నేను చూసిన ప్రతిలో స్పష్టంగా ఉంది."

గది ఒక్కసారి గొల్లుమంది. "కన్ను లేదా? మా గూట్లో రెండున్నాయి!" "శనగలు కాదంటాడేంట్రా!" "పంది తొడ నీ మొహం!" కిటికీలోంచి ఒల్లియక్క "నా కలలోకి రెండు కళ్ళతోనే వచ్చాడు!" అని కేక పెట్టింది. ఎవడో స్పాంజి విసిరాడు. అది తప్పించుకోవడానికి మెనోఫిలస్ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

అప్పుడు థాలస్ అతని వీపు చూశాడు. భుజాల నుంచి నడుందాకా పాత వాతలు, ఒకదాని మీద ఒకటి, తెల్లగా తేలి ఉన్నాయి. థాలస్ తన వీపు తను ఎప్పుడూ చూసుకోలేదు. ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. అంత గడ్డం ఉన్న మనిషి, అంత పెద్ద పుస్తకాల పెట్టె ఉన్న మనిషి, వీడూ ఎక్కడో ఏ గోడవారో సంచీ పట్టుకుని నిలబడినవాడే. థాలస్‌కి నవ్వొచ్చింది, నవ్వలేకపోయాడు.

"నిశ్శబ్దం!" నుమీసియస్ అరిచాడు. బంట్రోతు బెత్తాల కట్ట నేలకేసి కొట్టబోయి, తువ్వాలు జారితే పట్టుకున్నాడు. "థాలస్ పంతులూ, ఇక నువ్వే తేల్చాలి. క్రీటా, రోడ్సా? కన్ను ఉందా, లేదా?"

ఊరంతా అతనివైపే ఉంది. "క్రీటు, రెండు కళ్ళు, శనగలు" అంటే చాలు. వంటవాళ్ళు భుజాల మీద ఎక్కించుకుని కొత్త హాలుకి మోసుకుపోతారు. గడ్డంవాణ్ణి ఊరి పొలిమేర దాకా స్పాంజిలతో కొడతారు. థాలస్ నోరు తెరిచాడు. "క్రీ" అన్నాడు. ఎదురుగా ఆ వీపు ఇంకా కనపడుతూనే ఉంది. నోరు మూశాడు. నూనె జారిపోతోంది.

"నాకు తెలీదు," అన్నాడు.

ఆ మాట అనేసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. భుజాలు వాటంతట అవే బిగుసుకున్నాయి. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఊరి పెద్దల పిల్లలకి పాఠం చెప్పిన మనిషి, దెబ్బ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. దెబ్బ పడలేదు. థాలస్ ఓ కన్ను తెరిచాడు, తర్వాత రెండోది.

"కార్దమస్ అనే వంటవాడు ఏ కావ్యంలోనూ లేడండీ," అన్నాడు. "ఆ రోజు మీరు అడిగితే నాకు తోచింది చెప్పాను. అది మా పాత యజమానిగారి కంచరగాడిద పేరు. శనగలు మాత్రం ఒల్లియక్కవే, నాకు ఆకలేసింది." కాస్త ఆగి, మెనోఫిలస్ వైపు చూశాడు. మెనోఫిలస్ మొహం పాలిపోయి ఉంది. "అయితే మెనోఫిలస్‌గారు చెప్పిన దాంట్లో ఒక ముక్క అక్షరాలా నిజం. మా కంచరకి ఎడమ కన్ను లేదు."

ఓ క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆవిరి గది కప్పు ఎగిరిపోతుందేమో అన్నంతగా నవ్వారు. వెంట్రుకలు పీకేవాడు పని ఆపి నవ్వాడు, పీకించుకునేవాడు ఏడుపు ఆపి నవ్వాడు. ఎవడో ఓండ్రపెట్టాడు. అది అందుకుని ఊరు ఊరంతా ఓండ్రపెట్టింది. థాలస్ వీపు మీద దబ్బున ఓ చెయ్యి పడింది. అదిరిపడ్డాడు. తీరా చూస్తే అది నుమీసియస్ తడి చెయ్యి, నవ్వాపుకోలేక ఆసరా కోసం వేసింది.

"పదేళ్ళు!" నుమీసియస్ కళ్ళు తుడుచుకున్నాడు. "పదేళ్ళు నా చేత గాడిదకి దణ్ణం పెట్టించావు కదయ్యా! సరే, వినండర్రా. ఒకాయనకి లేని వంటవాడి పోయిన కన్ను కూడా తెలుసు. ఇంకొకాయనకి తనకేం తెలీదో తెలుసు, అయితే కాస్త ఆలస్యంగా తెలుసు. మన పిల్లలకి ఎవరు కావాలి?"

జవాబుగా మళ్ళీ ఓండ్రే వచ్చింది. ఊరి నిర్ణయం అలా జరిగిపోయింది, రాతకోతలు తర్వాత చూసుకున్నారు. థాలస్‌కి రాతిహాలు, గడియ ఉన్న తలుపు, చచ్చేదాకా "కంచర పంతులు" అన్న పేరు దక్కాయి. పిల్లలు పొద్దున్నే ఓ విడత ఓండ్రపెట్టి, ఆ తర్వాత పాఠం మొదలుపెట్టుకోవడం ఆ బడికి ఆనవాయితీ అయింది. ఫెలికుల "పోనీలే, దీపం పెట్టించుకున్న గాడిద కన్నా పాఠం చెప్పే గాడిద నయం" అంది. ఒల్లియక్క మాత్రం గూడు తీయనంటే తీయనంది. "గాడిదైతే ఏం? నాకు ఉప్పు సంగతి చెప్పింది కదా! ఇంట్లో మనుషులు అదీ చెప్పరు," అని వాదించి, బొమ్మకి ఎడమ కన్ను చెరిపించి, చెవులు పొడుగు చేయించింది. శనగల గిరాకీ రెట్టింపయింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే మెనోఫిలస్ ఊరు విడిచి వెళ్ళిపోతుంటే, థాలస్ ఊరి వాకిలి దాకా సాగనంపాడు. ఎవరూ వెళ్ళమనలేదు. ఒల్లియక్క కొట్లో ఓ మూట శనగలు కట్టించుకుని వెళ్ళాడు. మూట చేతికిస్తే మెనోఫిలస్ వాసన చూసి మొహం చిట్లించాడు, పారెయ్యలేదు మాత్రం. బళ్ళ వాళ్ళు అటూ ఇటూ పోతూ ఇద్దర్నీ చూసి ఓండ్రపెట్టారు.

"ఒక్క మాట అడుగుతాను," అన్నాడు మెనోఫిలస్, గొంతు బాగా తగ్గించి. కళ్ళలో ఏదో చిన్నపాటి ఆశ ఉంది. "నిజంగా దానికి ఎడమ కన్ను లేదా?"

"రెండూ ఉండేవి. డేగ చూపు. చీకట్లో కూడా వెతుక్కుంటూ వచ్చి కరిచేది."

"మరి ఎందుకలా చెప్పావు?"

థాలస్ తన చెప్పులవైపు చూశాడు. "నీ వీపు చూశాను."

మెనోఫిలస్ చలి లేకపోయినా పైబట్ట భుజాల మీదికి లాక్కున్నాడు. పుస్తకాల పెట్టె మోసే మనుషులు ముందుకి నడిచారు. తనూ కొంత దూరం నడిచాడు. అలవాటు ఊరుకోనిస్తుందా? ఆగి, వెనక్కి తిరిగి, గడ్డం నిమిరాడు.

"క్రీటు కంచరలు శనగలు ముట్టవు, పంతులూ. పుస్తకంలో ఉంది."

"ఏ పుస్తకంలో?" అని థాలస్ కేకేశాడు.

మెనోఫిలస్ చూపు ఆకాశంలోకి పోయింది. అక్కడినుంచి చెట్ల మీదికి, చెట్ల మీదినుంచి తన కాలివేళ్ళ మీదికి దిగింది. చేతిలో మూట అటూ ఇటూ మార్చుకున్నాడు. థాలస్ తొందరపెట్టలేదు, మంచి పంతులు కదా, ఎదురుచూశాడు.

"తెలీదయ్యా," అన్నాడు మెనోఫిలస్ చివరికి. మూట విప్పి, నాలుగు శనగలు నోట్లో వేసుకుని, రోము దారి పట్టాడు.